కోళ్ల గూటికి తీగ వల
(చిత్తూరు, తిరుపతి ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకు అప్పగింపబడిన విషయము చాల చిన్నది. త్రాగునీరు, రోడ్లు, వీధిదీపములు మొదలైన పెద్ద సమస్యలతో నిత్యము తలమునకలగుచుండు మీ యెదుట నిలిచి, కోళ్ల గూటికి ఏ తీగ వల మంచిదని మాటలాడుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. కాని మీ గ్రామములో పొదుపు సంఘమునకు చెందిన ఒక సోదరి అప్పు చేసి ముప్పది కోళ్లను తెచ్చుకొన్నప్పుడు, ఆ అప్పు తీరునా, తీరదా అన్నది చాలవరకు ఆ గూటి అడుగునను, ఆ గూటి తలుపు వద్దను తేలిపోవును. సంఘముల కొరకు సామాను కొనునప్పుడు ధరలు విచారించి సలహా చెప్పువారు మీరే. కావున ఈ సంగతి మీరు వినదగినది.

మన ప్రాంతములో కోడి కేవలము కూర వస్తువు కాదు. రాగిసంకటికి నాటుకోడి పులుసు జోడన్న మాట అటుండనిండు. వానలు తప్పి వేరుసెనగ చేయిచ్చిన ఏట, మామిడికి ధర పలుకని ఏట, ఇల్లాలి కొంగుముడిలో నాలుగు రూకలు మిగిల్చునది పెరటి కోడియే. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర వచ్చును. ఊరూర గ్రామదేవతల కొలుపులు జరుగును. ఆ దినములలో మంచి పుంజునకు ఎంత గిరాకి యుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. జాతరకు అమ్ముదమని నెలల తరబడి సాకిన పుంజులు జాతరకు పది దినముల ముందు ఒక్క రాత్రిలో పోయినచో, ఆ నష్టమును పూడ్చువారు సాధారణముగా ఎవరును ఉండరు.

ఈ మాట నేను పుస్తకము చూచి చెప్పుటలేదు. చాల ఏండ్ల క్రిందట మా ఇంట మొదటి గూడు కట్టించినది నేనే. బజారులో తళతళ మెరయుచున్న ఆరుమూలల కన్నుల వల చౌకగా దొరకినది. చుట్ట చుట్ట తెచ్చి వేయించితిని. మా అమ్మ దానిని చేతితో నొక్కి చూచి, “ఇది దోమతెర వలె నున్నది గదరా” అనెను. నేను నవ్వి ఊరకుంటిని. మూడు నెలలైన పిమ్మట ఒక తెల్లవారుజామున చూడగా ఇరువదిరెండు కోళ్లలో పదునేడు చచ్చి పడియున్నవి. రెంటిని మాత్రమే ఏదో తినినది. తక్కినవి ఊరక చంపబడినవి. అడవిపిల్లి పని యని ఇరుగుపొరుగువారు తేల్చిరి. మాంసములో విషము కలిపి పెట్టుమని ఒకరు సలహా ఇచ్చిరి. మా అమ్మ మాత్రము గూటి చుట్టు తిరిగి, క్రింది మూలలో చీలిన వలకు చిక్కుకొనియున్న గోధుమరంగు వెంట్రుకలను తీసి నా చేతిలో పెట్టెను. అవి మా వీధి కుక్కల వెంట్రుకలు. అడవిపిల్లికి ఆ పూట విషము పెట్టియుండినచో చచ్చునది ఎవరి కుక్కయో, ఏ నెమలియో గాని, గూడు మాత్రము అట్లే చినిగియుండెడిది.

వల కొనుటకు ముందు దొంగ ఎవరో తెలిసికొనవలెనని నేను చెప్పుటకు కారణమిదియే. దొంగను బట్టి కన్ను పరిమాణము, తీగ లావు, వల ఎత్తు మారును.

ఊరి కుక్కలు గుంపుగా వచ్చి, దొరకినవాటినెల్ల కొరికి, తినకయే వదలిపోవును. వల చిరిగి యుండును, లేదా క్రింద గొయ్యి త్రవ్వి యుండును. నక్క ఒక కోడిని నోటగరచుకొని పోవును. దారి పొడవున ఈకలు మాత్రము రాలియుండును. అడవిపిల్లి, దీనినే కొందరు బావురుపిల్లి యందురు, అదియు అట్లే ఎత్తుకొనిపోవునదే గాని, అది ఎక్కగలదు, దూకగలదు. తిరుమల శ్రీవారి సేవలో పునుగు తైలము వినియోగింపబడుట మీరెరిగినదే. ఆ పునుగుపిల్లి జాతియే రాత్రివేళ మన గూళ్ల చుట్టు కూడ తిరుగుచుండును. పెద్ద కన్నుల వలయైనచో అది పంజా లోనికి చాచి, వలకు ఆనుకొని నిద్రించు కోడిని పట్టును. కోడి కూర్చుండు కొయ్య వలకు కనీసము ఒక అడుగు దూరమున నుండవలెననుట ఇందుకే. గ్రుడ్లు పెంకుతో సహా మాయమైనచో పాము పనియో, ఉడుము పనియో కావచ్చును. చిన్న పిల్లలు ఒకటొకటిగా తగ్గిపోవుచు, మూలలో బొరియ కనబడినచో ఎలుకలను, పందికొక్కులను అనుమానింపవలెను.

ఇక ముంగిస సంగతి వేరు. తక్కిన దొంగలలో పెక్కు రాత్రివేళనో, సందె చీకటిలోనో వచ్చును. ముంగిస పట్టపగలు వచ్చును. సాయంకాలము గూటి తలుపు భద్రముగా మూసితిమని మనము తృప్తిపడుచుండగా, అది మధ్యాహ్నము రెండు గంటలకు కంచె ప్రక్కనుండి వచ్చి పిల్లను పట్టుకొనిపోవును. గద్ద, డేగ కూడ పగటివే. తల్లికోడి లేకుండ బ్రూడరులో పెరిగి మన ఇంటికి వచ్చిన పిల్లలకు, గద్ద నీడ పడగానే రెక్కల క్రింద దాచుకొనువారు ఎవరును లేరు. అందుచేత డబ్బు తక్కువగా నున్నవారు మామిడితోట అంతటికి కంచె వేయవలెనన్న ఆశ మానుకొని, రెండు చోట్ల మాత్రము మంచి వల వేయుట మేలు: ఒకటి రాత్రి గూడు, రెండవది రెండు నెలల లోపు పిల్లలు పగలు మేయుటకు చిన్న ఆవరణ. పెద్ద కోళ్లు తోటలో తిరిగినను తమ జాగ్రత్త తాము కొంతవరకు చూచుకొనగలవు.

ఇప్పుడు వల సంగతికి వత్తును. అంగడిలో నాలుగు విధములైనవి చూపుదురు. మొదటిది ఆరుమూలల కన్నుల కోళ్ల వల. దీని పుట్టుక ముచ్చటైనది. ఇంగ్లండు దేశమున నార్విచ్ పట్టణమునందు చార్లెస్ బర్నార్డ్ అనునతడు 1844లో బట్ట నేయు మగ్గము పోలికను తీసికొని తీగతో వల నేయు యంత్రమును తయారుచేసెను. నగరి, పుత్తూరు, నారాయణవనము మగ్గముల చప్పుడు వినినవారికి ఆ పోలిక వింతగా తోచదు. ఈ వల తేలిక, వంపు తిరుగును, చౌక. కోడి బయటికి పోకుండ ఆపుటకు చాలును. కుక్క పంటికి, గోటికి మాత్రము ఓర్వదు. సన్నని తీగతో నేసినదైనచో చెప్పనే అక్కరలేదు.

రెండవది చదరపు కన్నుల వెల్డింగ్ మెష్. అడ్డతీగ, నిలువుతీగ కలిసిన ప్రతి చోట అతుకు వేసి యుండును. గూటి క్రింది భాగమునకు ఇదియే తగినది. మూడవది చైన్ లింక్; పాఠశాలల చుట్టు, తోటల చుట్టు మీరు చూచుచున్నదే. తీగ లావుగా నుండును, కుక్కను బాగుగా ఆపును. కాని దాని కన్ను సాధారణముగా రెండంగుళములు, అంతకు పైన నుండును. ఎలుక, పాము, ముంగిస పిల్ల అందులోనుండి సుఖముగా దూరును; కోడిపిల్లయు అట్లే బయటికి వచ్చును. నాల్గవది ముళ్లతీగ. 1874లో అమెరికాలో గ్లిడ్డెన్ అనునతడు దీనికి పేటెంటు పొందినది పశువులను ఆపుటకే. కోళ్ల గూటికి అది పనికిరాదు.

కన్ను ఎంత యుండవలెను? అరంగుళపు కన్ను ఎదిగిన ఎలుకను, ముంగిసను, పెద్ద పామును ఆపును. సన్నని పాము పిల్లలు, చుంచెలుకలు అందులోనుండియు దూరగలవు. వానిని ఆపవలెనన్న పావంగుళము కావలెను. గూడంతటికి పావంగుళపు వల వేయుట ఖర్చుతో కూడిన పని. పిల్లలు పడుకొను పెట్టెకు, గ్రుడ్లు పొదుగు చోటుకు దానిని వేసి, తక్కిన గూటికి క్రింద అరంగుళము, పైన ఒక అంగుళము వేసినచో సరిపోవును.

ఇక తీగ లావు. దీనిని గేజి అందురు. ఇక్కడ మనవారు పొరపడునది ఒకటి కలదు. గేజి అంకె పెరిగిన కొలది తీగ సన్నగిలును. 22 గేజి అనగా 16 గేజి కంటె బలమైనదని అనుకొని కొన్నవారిని నేనెరుగుదును. 16 గేజి తీగ అడ్డుకొలత సుమారు 1.63 మిల్లీమీటరులు, 19 గేజి 1.02, 22 గేజి 0.71 మాత్రమే. చూపునకు ఈ భేదము స్వల్పము. కాని లోహము లెక్క చూచినచో 22 గేజి తీగలో కంటె 16 గేజి తీగలో ఐదింతలకు పైగా ఇనుము కలదు. అరంగుళపు వెల్డింగ్ మెష్ 19 గేజికి తగ్గక యుండవలెనని నా అభిప్రాయము. కుక్కల బాధ మిక్కుటముగా నున్న ఊళ్లలో గూటి మొదట రెండడుగుల రాతి గోడ కట్టి, దానిపై వల నిలుపుట ఇంకను మంచిది. మనకు రాతికి కొదువ లేదు గదా! స్తంభములకును కుప్పము వైపు దొరకు రాతి కూసములే మేలు. కొయ్య గుంజలకు చెదలు పట్టును.

అంగడివాడు చెప్పిన గేజి నిజమా కాదా యని ఎట్లు తెలియును? మిల్లీమీటరులు కొలుచు పనిముట్టు అందరివద్ద ఉండదు. త్రాసు మాత్రము ప్రతి ఊరిలోను ఉండును. నాలుగడుగుల వెడల్పు, ఏబది అడుగుల పొడవు గల అరంగుళపు వెల్డింగ్ మెష్ చుట్టను తీసికొనుడు. తీగ పొడవును లెక్కగట్టి చూడగా, అది 19 గేజి అయినచో సుమారు 19 కిలోలు తూగవలెను. 22 గేజి అయినచో 9 కిలోలు మాత్రమే తూగును. రెండు చుట్టలు ప్రక్కప్రక్కన పెట్టినచో కంటికి ఒక్కటివలెనే యుండును. అడుగు లెక్కన ధర అడిగినప్పుడు రెండవది చౌకగా తోచును. కిలో లెక్కన అడిగినచో దాని చౌకదనము ఎగిరిపోవును. సంఘముల తరఫున ధరలు పిలుచునప్పుడు కాగితముపై “కోళ్ల వల, ఇన్ని చుట్టలు” అని వ్రాయక, కన్ను ఎంత, గేజి ఎంత, చుట్ట బరువెంత, పూత ఏ విధమైనది అను నాలుగును వ్రాయించుడు. సరకు దిగిన దినమున తూచిన పిమ్మటనే సంతకము పెట్టుడు.

పూత యంటిని గదా, అదేమనగా ఇనుప తీగకు తుప్పు పట్టకుండ వేయు తుత్తునాగపు పూత, మనము జి.ఐ. యనునది అదియే. తుత్తునాగము తాను క్షీణించుచు ఇనుమును కాపాడును. పూత వేసిన తీగలను తెచ్చి అతుకువేసినచో, అతుకు పెట్టిన చోట వేడికి పూత కాలిపోవును; మొదట తుప్పు అక్కడనే పుట్టును. అతుకులన్నియు వేసిన తరువాత వలను మొత్తముగా కరగిన తుత్తునాగములో ముంచినచో అతుకు కూడ కప్పబడును. అట్టి వల కొంత గరుకుగా, అతుకుల వద్ద చిన్న బొట్లు కట్టినట్లు కనబడును. తళతళలాడునదే మంచిదని భ్రమపడరాదు. నేను భ్రమపడిన సంగతి చెప్పియే యున్నాను. కోళ్ల రెట్ట తడిసి వలకు అంటుకొనిన చోట పూత త్వరగా చెడును. కావున గూటిలోని ఊక పొడిగా నుండునట్లు చూచి, వల నేలకు ఆను భాగమునకు తారు పూయుట మంచిది.

ఇంత మంచి వల తెచ్చియు, దానిని నేల మట్టము వరకు మాత్రమే తెచ్చి వదలినచో శ్రమ వృథా. త్రవ్వు జంతువులన్నియు వల మొదట నిలిచి, అక్కడనే త్రవ్వును. రెండడుగులు వెనుకకు జరిగి త్రవ్వవలెనన్న యోచన వానికి సామాన్యముగా రాదు. వలను ఒక అడుగు లోతున పాతిపెట్టుమని పుస్తకములలో నుండును. నల్లరేగడి భూములలో అది సులభమే గాని, మన మిట్టనేలలలో గడ్డపార దిగిన చోటెల్ల రాయి తగులును. మనకు తగిన పద్ధతి వేరొకటి కలదు. వల అడుగు భాగమును బయటివైపునకు మడచి, నేలపై ఒకటిన్నర అడుగు పరచి, దానిపై రాళ్లు పేర్చి మట్టి కప్పవలెను. త్రవ్వవచ్చిన జంతువు గోటికి వలయే తగులును. గడ్డి మొలచిన పిమ్మట వల కనబడనే కనబడదు.

లెక్క చూపెదను. 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గూడు అనుకొనుడు. కోడికి రెండు చదరపుటడుగుల చొప్పున అందులో నలుబదికి పైగా కోళ్లు నిద్రించును. చుట్టుకొలత 40 అడుగులు. నాలుగడుగుల వెడల్పు గల అరంగుళపు చుట్ట ఒకటి తీసికొని, రెండున్నర అడుగులు పైకి నిలిపి, ఒకటిన్నర అడుగు బయటికి పరువుడు. దానిపైన నాలుగడుగుల వెడల్పు గల అంగుళపు వలను, అర అడుగు మేర ఒకదానిపై నొకటి వచ్చునట్లు కట్టుడు. మొత్తము ఎత్తు ఆరడుగులు వచ్చును. చుట్ట ఏబది అడుగులైనందున పదడుగుల ముక్క మిగులును. దానిని ఊరక పారవేయరాదు. వల బయటికి మడచినప్పుడు నాలుగు మూలలయందును ఒక్కొక్క చదరపు ఖాళీ ఏర్పడును. ముంగిస ఆ ఖాళీని కనిపెట్టుటకు ఎక్కువ దినములు పట్టదు. మిగిలిన ముక్కనుండి నాలుగు చదరములు కత్తిరించి ఆ మూలలను మూయవలెను. రెండు వలలు కలిసిన చోట నాలుగంగుళములకొక కట్టు చొప్పున బైండింగ్ తీగతో బిగింపవలెను. ఆ కట్లు వదులైనచో వల ఎంత లావైనను ప్రయోజనము లేదు.

తలుపు క్రింద వల పరచుటకు వీలు లేదు. అక్కడ ఒక కడప బండను గడపగా వేయించి, తలుపునకు బండకు నడుమ అరంగుళమునకు మించి సందు లేకుండ చూడుడు. గొళ్లెము కుక్క ముట్టెతో తోసినను తెరచుకొననిదై యుండవలెను. పైకప్పు రేకుదైనచో, రేకు వంపులకు గోడకు నడుమ మిగులు సందులు మరచిపోవుదుము. పునుగుపిల్లికి ఆ దారి చాలును. పగటి ఆవరణకు పైన మాత్రము నైలాను వల వేసిన చాలును, ఏలయనగా అక్కడ ఆపవలసినది గద్దను. నైలాను వలను నేల వరకు దింపరాదు. ఎలుకలు దానిని కొరుకును. పాములు అందులో చిక్కుకొనును. చిక్కిన పామును విడిపించుటకు మీరు చేయి పెట్టక అటవీశాఖవారికి కబురు పంపుడు.

చిన్న కన్నుల వలవలన మరియొక లాభము కలదు. కాకులు, పిచ్చుకలు మేతపై వాలవు. మన పొరుగున నెల్లూరు జిల్లాలో 2024 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ పొడసూపినది. అడవి పక్షుల రెట్ట మేతలో, నీటిలో పడకుండ చూచుట అట్టి వ్యాధులయందు మొదటి జాగ్రత్త. కొక్కెర తెగులుకు మాత్రము వల మందు కాదు, టీకాయే మందు. ఆ సంగతి పశువైద్యులు వేరుగా చెప్పుదురు.

ఇక రెండు విషయములు పంచాయతీవారిగా మీకే చెప్పవలసినవి. కోళ్లు పోయిన కోపములో కొందరు విషము పెట్టుదురు, ఉచ్చులు పన్నుదురు. ముంగిస, అడవిపిల్లి, పునుగుపిల్లి, ఉడుము, నక్క ఇవన్నియు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ గలవి. వానిని చంపుట నేరము. అంతకు మించి, మన పొలములలో ఎలుకలను తినునవి అవియే. మరికొందరు వలకు గాని కంచెకు గాని ఇంటి కరెంటు తగిలించుదురు. ఇది సాటివారి ప్రాణము తీయు పని. తెల్లవారకముందే నీళ్లు కట్టుటకు పోవు రైతు, పెరటిలో ఆడుకొను బిడ్డ ఆ తీగను ముట్టినచో గతి ఏమి? పలమనేరు, కుప్పము ప్రాంతములలో ఇట్టి తీగలకు ఏనుగులు బలియైన వార్తలు మీరు వినియే యున్నారు. మీ గ్రామములో ఎవరైన ఆ పని చేసినట్లు తెలిసినచో మొగమాటము పెట్టుకొనక తీయించుడు. ఏనుగుల కొరకు వేయు సౌరశక్తి కంచె వేరు. అది క్షణక్షణము తెగి వచ్చు స్వల్ప స్పందనముతో బెదరించునదే గాని చంపునది కాదు. దానికిని కోళ్ల గూటికిని సంబంధము లేదు. శేషాచలము అంచున నున్న గ్రామములవారు చిరుతపులి సంగతి అడుగవచ్చును. దానిని ఆపు వల నేను చెప్పిన వాటిలో లేదు. కోళ్లను ఇంటి ప్రక్కనే కట్టుదిట్టమైన గదిలో మూయుట, రాత్రి గూటి వద్దకు ఒంటరిగా పోకుండుట మాత్రమే చేయదగినవి.

రెండవది కుక్కల సంగతి. కోడిమాంసపు అంగళ్ల వ్యర్థములను ఊరి చివర కాలువలో పారవేయుచుండగా, కుక్కలు గుంపు కట్టినవని ఫిర్యాదు చేయుటలో అర్థము లేదు. ఆ వ్యర్థములను గోతిలో పూడ్పించు బాధ్యత అంగడివారిపై పెట్టి, అమలగుచున్నదో లేదో చూచువారు మీరే. కుక్కలను చంపించుటకు చట్టము ఒప్పుకొనదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించుటయే దారి. ఇది ఒక్క పంచాయతీవలన అగునది కాదు. ప్రక్క గ్రామములవారితో కలిసి పశుసంవర్ధక శాఖవారిని అడుగవలెను. ఫలితము కనబడుటకు ఏండ్లు పట్టును. అంతవరకు వలయే దిక్కు.

ఈ బల్లపై మూడు వల ముక్కలు పెట్టితిని: 22 గేజిది ఒకటి, 19 గేజివి రెండు. ఆ రెంటిలో ఒకటి అతుకునకు ముందు పూత వేసినది, రెండవది తరువాత వేసినది. మీ గుర్తు కొరకు వాని పేర్లు వ్రాయలేదు. కటింగ్ ప్లేయరుతో తీగను మెలిపెట్టి చూడుడు, అతుకును లాగి చూడుడు, ప్రక్కనున్న చిన్న త్రాసులో తూచుడు. ఏది ఏదో చెప్పినవారు ముందుకు రండు. సంఘముల సోదరీమణులు ముందుగా చూతురుగాక, డబ్బు వారిది.